ఇన్వాయిసు అర్థమైతది గని ‘బై’, ‘జస్ట్’, ‘క్వైట్’ కాడనే ఆగుతున్న

కొత్తవాడ కోడలు, వరంగల్

అందరికి నమస్తె. మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్ల శత్రంజీలు, అంటె నేల మీద పరిచే పత్తి జంపఖానాలు, నేస్తరు. మా మామ, మా ఆయన మగ్గం మీద ఉంటరు, అత్తమ్మ కండెలు చుడ్తది, నేను ఫోన్ మీద ఉంట. ఆర్డర్లు, ఫొటోలు, పార్శిళ్లు, లెక్కలు అన్ని నా పనే. తెలుగు మీడియంల బీకాం దాక చదివిన.

ఈ నడుమ ఇంగ్లండ్‌ల చిన్న దుకాణం నడిపే ఒకామె మా దగ్గర తీసుకుంటున్నది. మంచి మనిషి, పైసలు ముందే పంపుతది. ఆమె రాసిన దాంట్ల పెద్ద మాటలతోని నాకు బాధ లేదు. ఇన్వాయిస్, కన్‌సైన్‌మెంట్, కస్టమ్స్ డిక్లరేషన్ లాంటివి మా పనిల నలిగినయే. తెల్వని మాట వస్తె ఫోన్ల కొడితె ఒక్క అర్థం వస్తది, పని అయిపోతది. చిన్న మాటలు కొడితెనే లొల్లి. ‘బై’ అని కొట్టి చూడుండ్రి: ద్వారా, చేత, వల్ల, పక్కన, లోపు, చొప్పున. గిండ్ల ఏది పట్టుకోవాలె?

నిన్నటి మెసేజు ఇది, ఉన్నదున్నట్టు పెడుతున్న:

“ఐ వాజ్ జస్ట్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ సెండ్ జస్ట్ ద టూ బ్లూ వన్స్ బై ఫ్రైడే. ది అదర్స్ కెన్ వెయిట్ అంటిల్ ఆఫ్టర్ దసరా. ద రెడ్ వన్ ఈజ్ క్వైట్ నైస్, దో దేర్ ఆర్ ఎ ఫ్యూ లూజ్ థ్రెడ్స్.”

‘కుడ్’ అంటె మాకు చేతనైతదా అని అడుగుతున్నదా, పంపుమంటున్నదా? ఒక్క వాక్యంల ‘జస్ట్’ రెండుసార్లు ఎందుకొచ్చింది? శుక్రవారం నాడు పంపాల్నా, శుక్రవారానికి ఆమెకు ముట్టాల్నా? ‘క్వైట్ నైస్’ అంటె మెచ్చుకున్నట్టేనా? మా ఆయనకు ఏమని చెప్పాల్నో సమజైతలేదు. ఎర్రది ఆయన నేసిందే. ఎవరన్న ఇడమర్చి చెప్పుండ్రి. ఈ ఒక్క మెసేజు కాదు, ఇట్లాంటివి చదువుడు ఎట్లనో చెప్పినా సరే.

నయీంనగర్ నుంచి

అక్కా, ఇంగ్లీష్ సినిమాలు కింద అక్షరాలు పెట్టుకొని చూడు, రోజు ఒకటి. దానంతట అదే వస్తది. గ్రామర్ బుక్కులు పట్టుకుంటె ఉన్నది కూడ పోతది. ‘బై ఫ్రైడే’ అంటె శుక్రవారం లోపు.

కాజీపేట రిటైర్డు గార్డు

బిడ్డా, సినిమాలు తర్వాత చూడొచ్చు, శుక్రవారం ఆగదు. ముందుగాల నీ మెసేజు సంగతి చూద్దాం.

‘ఐ వాజ్ జస్ట్ వండరింగ్ ఇఫ్ యు కుడ్’ అని ఇంత పొడుగు రాసిందంటె అది మర్యాద. చేతనైతదా కాదా అనే ప్రశ్న కాదు. మనం పెద్దమనుషుల దగ్గరికి పోయినప్పుడు “ఒక మాట అడుగుదామనుకున్న” అంటం. అప్పుడే అడుగుతున్నం, అయినా ‘అనుకున్న’ అని జరిగిపోయినట్టు చెప్తం. ఎందుకు? ఎదుటి మనిషి మీద బరువు పడకుండ. ఆమె ‘వాజ్’ కూడ అదే పని చేస్తున్నది. ‘కుడ్’ కూడ అంతే, ‘జర పంపుతరా’ అన్నట్టు. గట్ల అడిగిందంటె పంపాలె అనే అర్థం, నీ ఇష్టం అని కాదు.

రెండు ‘జస్ట్’లు వేరు వేరు. మొదటిది ‘ఊకెనే’. ఊకెనే అడుగుతున్న అని బరువు ఇంకింత తగ్గిస్తున్నది. రెండోది మన ‘ఏ’. ‘నీలంవి రెండే పంపు’ల ఉన్న ‘ఏ’. మూడోదాన్ని కట్టలో పెట్టకు.

‘బై ఫ్రైడే’ అంటె శుక్రవారం లోపు, అంటె బుధవారం అయినా సరే, శుక్రవారం దాటొద్దు. ఇక ‘సెండ్ బై’ అన్నది గద, నువ్వు ఇక్కడ బయటికి పంపుడు శుక్రవారం లోపు కావాలె. ఆమె చేతికి ముట్టాలనుకుంటె ‘రీచ్ మీ బై ఫ్రైడే’ అని రాసేది. ‘అంటిల్ ఆఫ్టర్ దసరా’ అంటె దసరా అయిపొయ్యేదాక మిగతావాటికి తొందర లేదు.

ఇగ నీ ఇంటాయన సంగతి. ‘క్వైట్’ చానా కతర్నాక్ మాట. అమెరికావాళ్లు ‘క్వైట్ నైస్’ అంటె మస్తున్నది అనే. ఇంగ్లండోళ్లు అదే మాట అంటె చానాసార్లు ‘బాగనే ఉన్నది, ఫర్వాలేదు’ అని. ఆ ‘బాగానే’ల ఉన్న ‘నే’ మన ఇండ్లల్ల ఎట్ల పని చేస్తదో నీకు తెలుసు. కూర బాగుందా అంటె “బాగనే ఉన్నది” అన్నరనుకో, వండినామె మొకం చూడాలె. ఎమ్మటే ‘దో’ అని వచ్చింది, అంటె ‘గని’. కొన్ని పోగులు లేచి ఉన్నయట. ఫిర్యాదు కాదు, చెవిల ఏసింది.

ఇక్కడ ఒక్కటి చూడు. ‘ఎ ఫ్యూ’ అన్నది కాబట్టి పోగులు కొన్ని ఉన్నయి. ఆ ‘ఎ’ తీసేసి ‘దేర్ ఆర్ ఫ్యూ లూజ్ థ్రెడ్స్’ అని రాస్తె పోగులు లేనట్టే, పని మంచిగున్నది అని మెచ్చుకున్నట్టు. ఒక్క అక్షరం మీద ఫిర్యాదు పొగడ్త అయితది. ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ కూడ ఇంతే. ‘ఎ లిటిల్ టైం’ అంటె కొంచెం టైం ఉన్నది, ‘లిటిల్ టైం’ అంటె ఇగ లేనట్టే.

ఇప్పుడు ఎట్ల చదువుకోవాలె అనే సంగతి. నేను టీచర్‌ను కాను, గూడ్సు బండ్ల మీద గార్డుగ చేసి రిటైర్ అయిన. ఇప్పుడు ఆ పేరు కూడ లేదు, 2022ల గార్డును ‘ట్రైన్ మేనేజర్’ అన్నరు. మా రూల్సు పుస్తకాలల్ల అసలు తిప్పలంతా చిన్న మాటల కాడనే. ‘ఆన్’, ‘ఆఫ్’ సంగతి వింటె నవ్వుతవు. రైల్వేల సిగ్నల్ ‘ఆన్’ల ఉన్నదంటె ఆగుమని. ‘ఆఫ్’ అయిందంటె పొమ్మని. ప్యాసింజర్లు కిటికీలకెల్లి పచ్చలైటు చూసి “సిగ్నల్ ఆన్ అయింది” అంటరు, మా లెక్కల అది ఆఫ్. లైటు వెలుగుడు ఆరుడు తోని సంబంధమే లేదు. ఆపుడు అనే కట్టడి అమల్ల ఉంటె ఆన్, ఆ కట్టడి తీస్తె ఆఫ్. పాత సిగ్నల్ కంబాలకు చెయ్యి లెక్క పలక ఉండేది, ఆ చెయ్యి అడ్డంగ ఉంటె ఆన్, కిందికి వాలితె ఆఫ్. కొత్తగ డ్యూటీల చేరిన పిల్లలకు మేము మొదట మరిపించేది ఇంట్ల స్విచ్చుబోర్డునే.

అందుకే ‘ఆన్ అంటె మీద, ఇన్ అంటె లో’ అని బట్టీ పట్టుడు నాకు గిట్టదు. నేను చూసేది వేరే: తెలుగుల ఒక్కటే మాట ఉండి, ఇంగ్లీషుల రెండు మూడైతయో, గక్కడ్నే మనం తట్టుకుంటం. మిగతా కాడ దారి సాపుగనే ఉంటది. ‘లోపు’, ‘దాక’ మనకు రెండున్నయి, వాళ్లకు ‘బై’, ‘టిల్’ రెండున్నయి. గందుకే ఒక్కసారి చెప్తె నీకు సమజైంది, ఇగ మర్చిపోవు. గని ‘నుంచి’ చూడు. “రెండేండ్ల నుంచి నేస్తున్న” అంటం, “2019 నుంచి నేస్తున్న” అంటం. మనకు రెండూ ‘నుంచి’నే. వాళ్లకు రెండేండ్లు అనేది కాలం పొడుగు, దానికి ‘ఫర్’. 2019 అనేది మొదలైన గుర్తు, దానికి ‘సిన్స్’. మనోళ్లందరు ‘సిన్స్ టూ ఇయర్స్’ అంటరు, తెలివి లేక కాదు, మన భాషల ఆ తేడా లేదు గనుక. బతుకమ్మ ‘ఫర్ నైన్ డేస్’ ఆడుతరు, మొదటి రోజు ఎంగిలిపూల కాబట్టి ‘సిన్స్ ఎంగిలిపూల’ అనుకో.

ఇంకో పెద్ద గుంత ‘ఇంకా’. మా స్టేషన్ల నిలబడి వింటె ఒక్క గంటల అన్ని తీర్ల ఇంకాలు దొరుకుతయి. “బండి ఇంకా రాలే” అంటె ‘యెట్’. “బండి ఇంకా ఇక్కడ్నే ఉన్నది” అంటె ‘స్టిల్’. “ఇంకా లేటా” అంటె ‘ఈవెన్ లేటర్’. “చాయ్ ఇంకా కావాల్నా” అంటె ‘మోర్’. “ఇంకా ఎవరొస్తున్నరు” అంటె ‘ఎల్స్’. మన ‘ఇంకా’ను ఒక్క మాటగ చూసినంతకాలం ఇంగ్లీషోళ్ల ఐదు మాటలు గజిబిజిగనే కొడతయి. లేదు, రాలే, కాలే అని ఉంటె చానామట్టుకు ‘యెట్’ పడ్తది. ఉన్నది, నడుస్తున్నది అని ఉంటె ‘స్టిల్’. నువ్వు ఆమెకు “ది అదర్స్ ఆర్ నాట్ రెడీ యెట్” అని రాయి, “వి ఆర్ స్టిల్ వీవింగ్ దెమ్” అని రాయి. ఈ రెండు వాక్యాలతోని నీ సగం వ్యాపారం నడుస్తది.

‘బై’ మాత్రం ఉల్టా. వాళ్లది ఒక్కటి, మనయి అరడజను. ‘లేట్ బై ట్వంటీ మినిట్స్’, ఎంత అని. ‘బై ట్రైన్’, దేంట్ల అని. ‘బై హ్యాండ్’, దేనితోని అని. ‘బై ద విండో’, కిటికీ పక్కన. ‘బై ఫైవ్’, ఐదింటి లోపు. భయపడకు, ఎన్క వచ్చే మాటను చూస్తె అదే చెప్తది. ఎన్క టైం ఉంటె లోపు. బండి ఉంటె దాంట్ల. మనిషి ఉంటె వాళ్లు చేసింది. నీకు పాత చుట్టమే: మీ వాడల రోజు ‘నాలుగు బై ఆరు’ అంటరు గద శత్రంజీ కొలత. హోటల్ల ‘వన్ బై టూ చాయ్’ అంటం. ఆ బై ఈ బై ఒక్కటే.

కొత్తవాడ కోడలు

బాపూ, దండాలు. ‘ఎ ఫ్యూ’ కాడ మా ఆయనకు చెప్పిన, “పోగులున్నయని చెప్పుడుకు గింత సుట్టు తిరుగుడా” అన్నడు. నీలంవి రెండు ఇయ్యాల్నే కడుతున్నం.

ఒకటి అడగాలె. ఆమె పోయిన నెల ‘వి ఆర్ ఇన్ నో హర్రీ, బట్ ఐ డూ నీడ్ దెమ్ ఇన్ టైం ఫర్ ద ఫెయిర్’ అని రాసింది. తొందర లేదంటది, మళ్ల టైం అంటది. మా తమ్ముడు అది ‘ఆన్ టైం’ ఉండాలె, ఆమెనే తప్పు రాసింది అంటడు. ఆ ‘డూ’ ఏంది?

కాజీపేట రిటైర్డు గార్డు

ఆమె రైటే. ఈ తేడా నాకు చానా ఇష్టం. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ పట్టికల రాసిన టైముకు వచ్చిందంటె అది ‘ఆన్ టైం’. నువ్వు అది కదలకముందే ప్లాట్‌ఫాం మీదికి ఉరికొచ్చినవంటె నువ్వు ‘ఇన్ టైం’. ఆన్ టైంకు గడియారం కావాలె, ఇన్ టైంకు గడువు కావాలె. ఆమెకు సంత ఉన్నది, ఆ సంత మొదలుకాకముందు ముడితె సాలు. ఏ రోజైనా ఫర్వాలేదు, గందుకే తొందర లేదు అన్నది.

‘డూ’ ఒత్తి చెప్పుడు. ‘ఐ నీడ్’ అంటె కావాలె. ‘ఐ డూ నీడ్’ అంటె కావాల్సిందే. తొందర లేదు అన్నదని నువ్వు పక్కకు పెడ్తవేమో అని ముందే మేకు కొట్టింది.

జగిత్యాల, ఇప్పుడు షార్జా

గార్డు సారు మంచిగ చెప్తున్నరు, మర్యాదకు అడ్డం చెప్త. ఇంత అవసరమా? నేను షార్జాల ఒక గోదాముల స్టోర్ చూసుకుంట. ఇక్కడ ఫిలిప్పీన్స్ వాళ్లున్నరు, పఠాన్లున్నరు, మలయాళీలు, నేపాలోళ్లు, మన నిర్మల్ పిలగాండ్లు. ఎవరి ఇంగ్లీషు వాళ్లది. “ఐ కేమ్ నౌ ఓన్లీ”, “హీ ఈజ్ దేర్ ఓన్లీ” అని మేమందరం అంటం, ఎవ్వని పనీ ఆగలే. ఇన్, ఆన్, ఎట్ ఏది పెట్టినా సామాన్ ర్యాక్ మీదనే ఉంటది, గాలిల ఉండది. చెల్లె, నువ్వు రేటు, తారీఖు, కొలత, రంగు సక్కగ రాయి. మిగతాది వాళ్లే సమజ్ చేసుకుంటరు. భయపడి రాయకుంటెనే నష్టం.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంట, నవ్వొస్తది గని. మొన్న కొత్తగ వచ్చిన పిలగానికి రేడియోల “ద ఫైర్ అలారం హాజ్ గాన్ ఆఫ్” అని చెప్పిన్రు. ఆఫ్ అంటె బంద్ అయింది అనుకొని మంచిగ కూసొని రొట్టె తింటున్నడు. అలారం మోగుతున్నది అని ఆ మాటకు అర్థం అట. మేము వచ్చి భుజం పట్టి లేపినం. అది డ్రిల్ కాబట్టి సరిపోయింది.

కాజీపేట రిటైర్డు గార్డు

తమ్మీ, నా కంటె గట్టి సాక్ష్యం నువ్వే చెప్పినవు. ఆ ‘ఆఫ్’ మా సిగ్నల్ ఆఫ్‌కు చుట్టమే. కట్టి ఉన్నది విడిచిపెట్టుడు. అలారం విడిచిపెట్టిన్రు, గందుకే మోగింది. పాలు ‘ఆఫ్’ అయితె చెడిపోయినయి. మనిషి ‘ఆఫ్’ అయితె ఆ రోజు సెలవు. ‘ఐ యాం ఆఫ్’ అని లేచి నిలబడితె బయలెల్లిండు. స్విచ్చు ఒక్కదాన్ని పట్టుకొని అన్నింటికి కొలిస్తె ఎట్ల?

మాట్లాడుట్ల నువ్వన్నది నిజం. ఎదురుంగ మనిషి ఉంటడు, మొకం కనపడ్తది, చెయ్యి చూపెట్టొచ్చు. ఈ బిడ్డ రాతల బతుకుతున్నది. రాతల ‘బై’కి బదులు ‘టిల్’ పెడితె తారీఖు మారుతది. “వి విల్ సెండ్ బై ద ట్వంటీయత్” అంటె ఇరవై లోపు పంపుతం. “వి విల్ సెండ్ టిల్ ద ట్వంటీయత్” అంటె ఇరవై దాక రోజూ పంపుతనే ఉంటం! నువ్వే చెప్పినవు తారీఖు సక్కగ రాయాలె అని. తారీఖు ముంగట ఉండే మాట తారీఖుల భాగమే.

నీ ‘ఓన్లీ’ని మాత్రం నేను తిట్ట. అది మన భాష. తెలుగుల దేన్ని ఒత్తాల్నో దాని తోకకే ‘ఏ’ కడతం. నేనే ఐదువందలు ఇచ్చిన. నేను ఐదువందలే ఇచ్చిన. నేను ఆయనకే ఐదువందలు ఇచ్చిన. తోక ఎక్కడుంటె అక్కడ అర్థం. ఆ తోకనే మనోళ్లు ‘ఓన్లీ’ చేసి ఎన్క కడతరు, ‘దేర్ ఓన్లీ’ అంటె ‘అక్కడ్నే’. ఇంగ్లీషోళ్లు ‘ఓన్లీ’ని ముందట పెడతరు: ‘ఓన్లీ ఫైవ్ హండ్రెడ్’. ఇంకో తేడా కూడ ఉన్నది. మన ‘ఏ’ ఒత్తుతది, వాళ్ల ‘ఓన్లీ’ తగ్గిస్తది, ‘అంతకు మించి లేదు’ అని. ‘ఐ కేమ్ నౌ ఓన్లీ’ అంటె మనకు ఇప్పుడే వచ్చిన అని. వాళ్లకు ‘ఇప్పుడు తప్ప ఎన్నడూ రాలే’ అన్నట్టు చెవులకు తగుల్తది. వాళ్లతోని ‘ఐ హావ్ జస్ట్ కమ్’ అను, మనోళ్లతోని నీ ఇష్టం.

పరకాల టీచరమ్మ

నేను సర్కారు బడిలో ప్రైమరీ టీచర్‌ను. ఈ చర్చ చూసి ఆగలేకపోతున్నాను. 2022-23లో మా బడులలో ఇంగ్లీష్ మీడియం మొదలైనప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చినయి. గార్డు గారు అన్న పద్ధతే ఆ పుస్తకం పట్టుకొని నేను పిల్లలతో చేయిస్తాను. ఎడమ పేజీలో విభక్తి కింద గీత, కుడి పేజీలో దానికి జవాబుగా వచ్చిన మాట కింద గీత. గీతకు జోడీ దొరకని చోటు ఒకటి ప్రతి వాక్యంలో వస్తుంది. అవే ‘ఎ’, ‘యాన్’, ‘ద’. తెలుగు పేజీలో వాటికి ఏమీ ఉండదు. అందుకే మనవాళ్లు రాసేటప్పుడు అయితే వదిలేస్తారు, లేకపోతే భయానికి అన్నింటికీ పెడతారు.

చెల్లెమ్మా, నీ మెసేజులో ‘ద టూ బ్లూ వన్స్’ అన్నది చూడు. మీ ఇద్దరికీ తెలిసిన ఆ రెండు. ఫొటోలో చూసినవి. ‘టూ బ్లూ వన్స్’ అని ఊరికే అంటే ఏవైనా రెండు నీలంవి పంపొచ్చు. చదివే మనిషి మనసులో ఆ వస్తువు ఇప్పటికే ఉంటే ‘ద’, మొదటిసారి చెప్తుంటే ‘ఎ’. తెలుగులో ఈ పని వరుసతో చేస్తాం. “గదిలో పిల్లి ఉన్నది” అంటే ఏదో పిల్లి. “పిల్లి గదిలో ఉన్నది” అంటే మనకు తెలిసిన పిల్లే. తేడా మనకు లేదని కాదు, మనం దాన్ని వేరే చోట దాచుకున్నాం.

‘ఎ’కు, ‘యాన్’కు మాత్రం అర్థంతో పని లేదు, నోటితో పని. అక్షరం చూడొద్దు, చప్పుడు వినాలి. కాకతీయ యూనివర్సిటీ 1976లో వచ్చింది, ‘ఎ యూనివర్సిటీ’ అనాలి, యు అక్షరం అచ్చు కదా అనొద్దు, నోట్లో ‘య’ వస్తున్నది. మన వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ 1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయ్యింది. అక్కడి పిల్లవాడు అప్పుడూ ‘యాన్ ఆర్‌ఈసీ స్టూడెంట్’, ఇప్పుడూ ‘యాన్ ఎన్‌ఐటీ స్టూడెంట్’. రాతలో రెండూ హల్లులే, పలికితే ‘ఆ’, ‘ఎ’. ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ అవర్’ ఇట్లాంటివే. పిల్లలకు ఇది ఆటలాగా వస్తుంది, పెద్దవాళ్లకే కష్టం, అక్షరాలు కళ్లకు అలవాటై.

పేర్ల ముందు ‘ద’ గురించి ఒక నియమం చెప్తే పది మినహాయింపులు చెప్పాలి. వాడుకకు ఇది చాలు: ఊరికి పెట్టొద్దు, నదికి పెట్టాలి. ‘ద గోదావరి’ సరే, ‘ద వరంగల్’ కాదు. చెరువుకు వద్దు, ‘పాఖాల లేక్’ అంతే. గుడికి పెడతాం, ‘ద రామప్ప టెంపుల్’.

గార్డు గారు, మీ దగ్గర ఒక చిన్న మాట. ‘ఆఫ్’ అని మీరు రాస్తున్నదానికి కవల ఒకటి ఉన్నది, ఒక ఎఫ్‌ది. దాన్ని కూడా మనం ‘ఆఫ్’ అనే పలుకుతాం. అది ‘అవ్’. ఆ ఎఫ్ ‘వ్’ అని పలుకుతుంది. ‘కప్ అవ్ టీ’. చెల్లెమ్మ ‘టెన్ పర్సెంట్ ఆఫ్’ అని రాయాల్సిన చోట ఒక ఎఫ్ వదిలేస్తే తగ్గింపు కాస్తా ‘పదో వంతు’ అయి కూర్చుంటుంది.

కాజీపేట రిటైర్డు గార్డు

టీచరమ్మా, పిల్లి ముచ్చట బ్రహ్మాండం. నేను ఇన్నేండ్లు ‘ద’ను ‘ఆ’ అనుకొని నెట్టుకొచ్చిన, సగం కాడ పని చేస్తది, సగం కాడ చెయ్యది.

కొత్తవాడ కోడలు

అందరు ఉన్నరు కాబట్టి ఇదొక్కటి కూడ చూసిపెట్టుండ్రి. శత్రంజీతోపాటు పెట్టేతందుకు చిన్న అట్ట కార్డు అచ్చేపిస్తున్నం. ప్రింటింగ్ ప్రెస్సు పిలగాడు రాసిచ్చింది ఇది:

“దిస్ డర్రీ ఈజ్ మేడ్ ఫ్రమ్ కాటన్ విత్ హ్యాండ్ ఇన్ ద పిట్ లూమ్ ఎట్ ద వరంగల్. వి ఆర్ వీవింగ్ సిన్స్ మెనీ ఇయర్స్. గాట్ జీఐ ట్యాగ్ ఫ్రమ్ 2018.”

చదివితె ఏదో తేడాగ ఉన్నదని తెలుస్తున్నది గని ఎక్కడో పట్టుకోలేకపోతున్న. ‘సిన్స్ మెనీ ఇయర్స్’ ఒక్కటి పట్టుకున్న, ‘ఫర్’ కావాలె.

పరకాల టీచరమ్మ

‘ద వరంగల్’ కూడా తీసెయ్. ‘ఎట్’ బదులు ‘ఇన్’. ‘ఎట్’ అంటే ఒక చుక్క, ‘ఇన్’ అంటే చుట్టూ ఉన్న జాగా. ‘ఎట్ కాజీపేట జంక్షన్’ దిగుతాం, ‘ఇన్ హన్మకొండ’ ఉంటాం. నేసేది ఊళ్లో కాబట్టి ‘ఇన్ కొత్తవాడ, వరంగల్’. వాడ పేరు కూడా వెయ్యి, ఎందుకు వదులుతున్నావు?

‘విత్ హ్యాండ్’ కాదు, ‘బై హ్యాండ్’. ‘విత్’ వాడాలంటే పనిముట్టు ఉండాలి, కత్తెరతో, సూదితో అన్నట్టు. చేయి పద్ధతిని చెప్తున్నది.

కాజీపేట రిటైర్డు గార్డు

‘ఫ్రమ్ కాటన్’ కాడ నాకు మా కాగజ్‌నగర్ లైను యాదికొచ్చింది. అక్కడ పేపరు మిల్లుకు వెదురు పోయేది. కాగితం ‘మేడ్ ఫ్రమ్ బ్యాంబూ’, ఎందుకంటె కాగితం చూస్తె వెదురు కనపడది, రూపం మారిపోయింది. నీ శత్రంజీ చూస్తె పత్తి పోగు కనపడ్తనే ఉంటది, ముట్టుకుంటె చేతికి తెలుస్తది. గందుకే ‘మేడ్ అవ్ కాటన్’. టీచరమ్మ చెప్పినట్టు ఒక ఎఫ్.

మగ్గంకు ‘ఆన్’. మీరు గుంటల కూసున్నా, బట్ట నడిచేది మగ్గం మీదనే. మీ నోట కూడ ‘మగ్గం మీద ఉన్నడు’ అనే వస్తది, మొదటి మెసేజుల నువ్వే రాసినవు. ఇక్కడ తెలుగు ఇంగ్లీషు ఒక్కటే దారి. కార్డు చదివేటామెకు మీ మగ్గం ముందే తెల్వదు, కాబట్టి ‘ద పిట్ లూమ్’ కాదు, ‘ఎ పిట్ లూమ్’.

జీఐ గుర్తు, అంటె ఈ సరుకు ఈ జాగదే అని సర్కారు ఇచ్చే గుర్తు, 2018ల వచ్చింది, నిజమే. ‘ఫ్రమ్’ పెడితె ఎప్పటిదాక అని అడుగుతరు. ‘ఫ్రమ్ హైదరాబాద్ టు కాజీపేట’ లెక్క ‘ఫ్రమ్’కు అవతలి గట్టు కావాలె. ఇప్పటికీ ఉన్నదని చెప్పాలంటె ‘సిన్స్ 2018’.

జగిత్యాల, ఇప్పుడు షార్జా

ఇంత జేస్తె కార్డు మంచిగనే అయ్యేటట్టుంది. చెల్లె, మొత్తం ఒక్కసారి కలిపి రాసిపెట్టు, నేను కూడ ఇక్కడ ఇద్దరు ముగ్గురికి చూపెడ్త.

కొత్తవాడ కోడలు

ఇట్ల రాసిన:

“దిస్ డర్రీ ఈజ్ మేడ్ అవ్ కాటన్. ఇట్ వాజ్ వోవెన్ బై హ్యాండ్ ఆన్ ఎ పిట్ లూమ్ ఇన్ కొత్తవాడ, వరంగల్. అవర్ ఫ్యామిలీ హాజ్ బీన్ వీవింగ్ ఫర్ త్రీ జనరేషన్స్. వరంగల్ డర్రీస్ హావ్ హ్యాడ్ ఎ జీఐ ట్యాగ్ సిన్స్ 2018.”

‘ఎ జీఐ’నా, ‘యాన్ జీఐ’నా అని రెండుసార్లు పలికి చూసిన, ‘జ’ వచ్చింది, ‘ఎ’ పెట్టిన. ఇంకో డౌటు: మా దగ్గర కొన్ని గుంట మగ్గం మీదివి, కొన్ని ఫ్రేం మగ్గం మీదివి ఉంటయి. ఒక్కటే కార్డు అన్నింటికి పెట్టొచ్చా?

పరకాల టీచరమ్మ

‘ఎ జీఐ’ సరిగ్గా ఉంది. ఇంగ్లీషులో నాకు వంక కనబడలేదు.

కాజీపేట రిటైర్డు గార్డు

రెండు తీర్ల మగ్గాలు ఉన్నప్పుడు ‘ఆన్ ఎ హ్యాండ్‌లూమ్’ అని రాయి బిడ్డా, రెండింటికి సరిపోతది. ఫ్రేం మగ్గం దానికి పిట్ అని అచ్చేసి పంపితె, తెలిసినోళ్లు అడుగుతరు. నీలంవి రెండు పోయినయా?

కొత్తవాడ కోడలు

పొద్దుగాల్నే పోయినయి బాపూ. ప్రెస్సుల ‘హ్యాండ్‌లూమ్’ అని మార్పిస్తున్న.